స్కూబా డైవింగ్‌లో మాస్క్ నిండా నీళ్లొస్తే ముక్కుతో పీల్చేస్తున్నాను, ఇంటి దగ్గర ఏం సాధన చేయాలి?

కోనసీమ_కాలవ · జనవరి 21

అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్లు. పుట్టి పెరిగింది అమలాపురం దగ్గర పల్లెలో, ఇప్పుడు ఉద్యోగం హైదరాబాద్‌లో. ఈత బాగానే వచ్చు. చిన్నప్పుడు మా ఇంటి వెనక కాలవలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రోజుకి ఎన్నిసార్లు ఈదేదాన్నో లెక్కే లేదు. అందుకే స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీళ్ల కింద తిరగడం, నాకు కష్టమవుతుందని కలలో కూడా అనుకోలేదు.

సంక్రాంతి సెలవులకి అండమాన్ వెళ్లి, అందరూ ఇంకా హేవ్‌లాక్ అనే పిలిచే స్వరాజ్ ద్వీప్‌లో, డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సులో చేరాను. మొదటి రోజు ఒడ్డు దగ్గర ఛాతీ లోతు నీళ్లలో, మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటీ నేర్పారు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి తీసి మళ్లీ పెట్టుకోవడం వచ్చేసింది. కళ్లనీ ముక్కునీ కప్పే మాస్క్‌లోకి సగం వరకు నీళ్లు రానిచ్చి బయటికి పంపడం కూడా వచ్చింది. ఆ తర్వాత మాస్క్ నిండా నింపమన్నారు. నీళ్లు ముక్కు కింద ఉన్నంతసేపూ కుదురుగానే ఉన్నాను. ముక్కు దాటి కళ్ల మీదికి వచ్చేసరికి, నా ప్రమేయం లేకుండానే ముక్కుతో పీల్చేశాను. ఉప్పునీళ్లు గొంతులోకి దిగి పొలమారింది. నోట్లో రెగ్యులేటర్ ఉంది, గాలి వస్తూనే ఉంది, ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. అయినా లేచి నిలబడిపోయాను. నాలుగుసార్లు ప్రయత్నించాను, నాలుగుసార్లూ అంతే.

ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట అనలేదు. "ఈ రోజుకి చాలు, ఇది రాకుండా లోతుకి తీసుకెళ్లను" అన్నాడు. మర్నాడు తనే పట్టుకుని కొంచెం దూరం తిప్పి చూపించాడు, మిగతా కోర్సు మళ్లీ వచ్చినప్పుడు పూర్తి చేయొచ్చన్నాడు. మార్చి రెండో వారానికి టికెట్లు తీసేశాను.

ఏం చేయాలో పాఠంలా అప్పజెప్పగలను. మాస్క్ పై అంచు నొక్కి పట్టుకోవాలి, తల కొంచెం ఎత్తాలి, ముక్కుతో ఊదాలి. తెలిసి కూడా చేయలేకపోతున్నాను, అదే నా బాధ. నా ముక్కులోనే ఏదైనా లోపం ఉందా? 2015 గోదావరి పుష్కరాల్లో కోటిపల్లి రేవులో మూడు మునకలు వేసినప్పుడు కూడా ముక్కు మూసుకునే మునిగాను, ఇప్పుడు ఆలోచిస్తే అదే గుర్తొస్తోంది. మా అపార్ట్‌మెంట్‌లో ఈతకొలను ఉంది కానీ చలికాలం మూసేస్తారు. అది లేకుండా ఇంట్లో చేసుకోగలిగింది ఏమైనా ఉంటే చెప్పండి. చాలా పట్టుదలగా ఉన్నాను.

భీమిలి_లంగరు · జనవరి 21

చెల్లెమ్మా, నీ ముక్కుకి ఏ లోపమూ లేదు. నేను 13 ఏళ్లుగా ఇదే నేర్పుతున్నాను, ముందు అండమాన్‌లో, ఇప్పుడు మన విశాఖలో. నువ్వు చెప్పింది కొన్ని వందలసార్లు చూశాను. ఎక్కువగా ఎవరిలో చూశానంటే, బాగా ఈత వచ్చిన మన పల్లెల పిల్లల్లో.

ఎందుకో చెప్తాను. కాలవలో, చెరువులో మనం తల పైకెత్తి ఈదుతాం. ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి వదలడం అనేది మనకి ఎవరూ నేర్పలేదు. మునిగితే ముక్కు మూసుకుని మునుగుతాం, కోటిపల్లిలో నువ్వు చేసినట్టే. అంటే ఇన్నేళ్ల ఈతలో నీ ముక్కు నీళ్లతో ఒంటరిగా ఎప్పుడూ లేదు. చెయ్యో, తలెత్తే అలవాటో దాన్ని కాపాడింది. ఇప్పుడు మొదటిసారి ముక్కు తెరిచి ఉంది, నీళ్లున్నాయి, పైగా ఊపిరి తీసుకుంటూ ఉండమంటున్నారు. శరీరం ఒప్పుకోదు. చల్లటి నీళ్లు నుదుటికీ కళ్ల చుట్టూరా తగిలితే ఊపిరి దానంతట అదే బిగుసుకుంటుంది, ఆ బిగింపు విడేటప్పుడు ముక్కూ నోరూ రెండూ కలిపి పీల్చేస్తాయి. నీకు జరిగింది అదే.

అందుకని, మాస్క్‌లో నీళ్లు బయటికి పంపడం నీ సమస్యే కాదు. సగం నీళ్లు పంపేశావంటే ఆ పని నీకు వచ్చినట్టే. రావాల్సింది ఒకటే, ముక్కు నీళ్లలో ఉండగా నోటితో హాయిగా ఊపిరి తీసుకోవడం. దీనికి సముద్రం అక్కర్లేదు. బక్కెట్ చాలు.

ఒక స్నార్కెల్ కొనుక్కో, అదే, ముఖం నీళ్లలో ఉండగా నోటితో పైగాలి పీల్చుకునే గొట్టం. మాస్క్ వద్దు, ఉన్నా పక్కన పెట్టెయ్. స్నానాల గదిలో పీట మీద నువ్వు కూర్చుని, ముందు ఇంకో పీట మీద నిండా నీళ్లున్న బక్కెట్ పెట్టుకో. మొదటి రెండు రోజులు గోరువెచ్చటి నీళ్లు. ఇంట్లో ఎవరికైనా చెప్పి, తలుపు గడియ వేయకుండా చెయ్యి. స్నార్కెల్ నోట్లో పెట్టుకుని ముందు గాలిలోనే 20 ఊపిర్లు నోటితో తీసి నోటితో వదులు. ముక్కు చేత్తో మూయకూడదు, అదే నియమం. తర్వాత గడ్డం, పెదాలు, అక్కడ ఆగి పది ఊపిర్లు. తర్వాత ముక్కు కొన మాత్రం. తర్వాత కళ్లు మూసుకుని నుదురు దాకా. ఎక్కడ గుండె దడ అనిపిస్తే అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి రా, పైకి లేచిపోకు. వెనక్కి వచ్చి, అక్కడ కుదుటపడి, మళ్లీ దిగు. ఈ "లేవకుండా వెనక్కి రావడం" అనేది రేపు సముద్రంలో నీకు పనికొచ్చే అసలు సంగతి. అంతేగాని ఊపిరి బిగబట్టే పోటీ మాత్రం పెట్టుకోకు. ఇక్కడ ఊపిరి ఆపేదే లేదు.

ఇప్పుడు నీళ్లు ముక్కులోకి ఎందుకు వెళ్లవో కళ్లతో చూడు. అదే బక్కెట్లో ఒక గాజు గ్లాసు బోర్లించి ముంచు. లోపల గాలి అలాగే ఉంటుంది, నీళ్లు ఎక్కవు. కొంచెం పక్కకి వంచు, బుడుంగుమని గాలి పోయి నీళ్లు ఎక్కుతాయి. నీ ముక్కు కూడా బోర్లించిన గ్లాసే. ముఖం నేలవైపు ఉంటే ముక్కు రంధ్రాలు కిందికి చూస్తాయి, లోపలి గాలి అక్కడే నిలుస్తుంది, నువ్వు పీలిస్తే తప్ప నీళ్లు ఎక్కవు. తల వెనక్కి వాలిస్తే గ్లాసు వంచినట్టే. మాస్క్ సంగతీ అంతే. నిండిన మాస్క్‌లోకి ముక్కుతో గాలి పంపితే అది పైకి చేరి నీళ్లని కింది అంచులోంచి నెడుతుంది. పై అంచు నొక్కి పట్టుకోమనేది ఆ గాలి పైనుంచి తప్పించుకోకుండా.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు, నువ్వూ చేసి ఉంటావు. తల ముందు ఎత్తి, ఊదడం తర్వాత మొదలుపెడతారు. ఆ మధ్య అరక్షణంలో నీళ్లు ముక్కులోకి జారతాయి. వరస మార్చు. తల తిన్నగా, కొంచెం కిందికే ఉంచి నోటితో నిండుగా పీల్చు. ముక్కుతో వదలడం మొదలుపెట్టు. గాలి బయటికి వస్తూ ఉండగా అప్పుడు మెల్లగా తల ఎత్తు. గాలి బయటికి వస్తున్న దారిలో నీళ్లు లోపలికి రాలేవు.

ఊదడం అన్నాను కదా అని ముక్కు చీదినట్టు చీదకు. చీదితే గాలి ఒక్క దెబ్బకి పక్కల నుంచి పోతుంది, నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. పిల్లలకి కథ చెప్తుంటే వాళ్లు "ఊఁ" కొడతారు చూడు, పెదాలు కలిపి "మ్మ్‌మ్" అని, అలా సాగదీసి ఊఁ కొట్టు. ఓంకారంలో చివరి మకారం అనుకున్నా సరే. పెదాలు మూసి ఆ శబ్దం చేస్తే గాలి ముక్కులోంచే పోవాలి, వేరే దారి లేదు. ఇంకో గొప్ప మేలు ఏమిటంటే, ఊఁ కొడుతూ ఎవరూ ఊపిరి పీల్చలేరు. ఇప్పుడే చేసి చూసుకో.

మీ ఇన్‌స్ట్రక్టర్ నిన్ను లోతుకి తీసుకెళ్లనన్నాడని చెప్పావు. ఆయన మంచి పని చేశాడు. ఛాతీ లోతులో లేచి నిలబడితే నిలబడ్డావు. అదే అలవాటు 12 మీటర్ల దగ్గర వస్తే, ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోతావు. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బుతుంది. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చి బిగబట్టిన గాలికి నీటి మీదికి వచ్చేసరికి రెండింతల చోటు కావాలి. ఊపిరితిత్తులు చిరగడానికి అంత లోతు కూడా అవసరం లేదు. కాబట్టి నిలబడితే అందే చోటనే ఈ భయం వదిలించుకోవాలి, వదులుతుంది కూడా.

జలుబు ఉన్న రోజు బక్కెట్ సాధన కూడా వద్దు. ఎలా ఉందో చెప్తూ ఉండు.

బాయిల_ఈత · జనవరి 22

అక్కా, నాది కరీంనగర్ దిక్కు. మస్కట్ల ఏసీ మెకానిక్ పని చేస్త. పోయినేడు దోస్తులతోని కలిసి డైమానియత్ దీవుల కాడ ఈ కోర్సు జేసిన. మాది బాయిల నేర్సిన ఈత, గట్టు మీదికెల్లి దుంకుడే. అన్న చెప్పింది నూటికి నూరు నిజం. నాకు గూడ ముక్కుల నీళ్లు వొయ్యి రెండు దినాలు గోస అయింది.

నేను ఇంకొక్క ముచ్చట చెప్త. నీ మాస్క్ నీ మొకానికి సరిపోయిందా లేదా చూసుకున్నవా? కిరాయికి ఇచ్చిన మాస్క్ నాకు కారుకుంటనే ఉండె. ఊదుడు, మళ్ల నిండుడు, ఊదుడు, మళ్ల నిండుడు. గట్లయితే మనిషికి ధైర్యం ఎక్కడికెల్లి వస్తది? నేను స్ట్రాప్ గుంజి గుంజి కట్టిన. గుంజినకొద్ది ఎక్కువ కారింది. ఎందుకంటే గట్టిగ బిగిస్తే ఆ సిలికాన్ అంచు మడత పడతది, మడతలకెల్లి నీళ్లు వస్తయి. చివరికి మా ఇన్‌స్ట్రక్టర్ నా మీసం జూసిండు. ముక్కు కింద, మీసం మీది అంచు కాడ, ఒక సన్నని గీత లెక్క గొరిగించుకొమ్మన్నడు. గింతంత, గోరు మందం. గంతే, కారుడు బందయింది. వాసెలిన్ రాస్త అంటె వద్దన్నడు, సిలికాన్ ఖరాబయితదట.

మీసం ముచ్చట ఇక్కడ సదివే అన్నదమ్ముల కోసం చెప్పిన. నువ్వు ఎంటికలు జూసుకో. నొసటి మీద ఒక్క ఎంటిక అంచు కింద వడ్డా కారుతది.

సొంత మాస్క్ కొనుక్కుంటే మంచిది. దుకాణంల స్ట్రాప్ తలకు వేసుకోకుంట మాస్క్ మొకానికి ఆనిచ్చి, ముక్కుతోని జరంత గాలి పీల్చు. చెయ్యి ఇడిసినా అది పడిపోవద్దు. నోట్లె రెగ్యులేటర్ గాని స్నార్కెల్ గాని పెట్టుకొని ఒకసారి, నవ్వి ఒకసారి చూడు, నవ్వితే చెంపలు లేస్తయి కదా. కొత్త మాస్క్ అద్దానికి తయారైనప్పటి పొర ఒకటి ఉంటది, అది పోకపోతే ఊకె మసక పడతది. తెల్ల టూత్‌పేస్ట్ పెట్టి లోపలి దిక్కు వేలుతోని మంచిగ రుద్ది కడుగు, మూడు నాలుగు సార్లు. డైవ్‌కు ముందు బేబీ షాంపూ ఒక చుక్క వేసి కడిగినా సాలు, ఉమ్మి రాసినా సాలు.

భయపడకు అక్కా. నీకంటే ఎక్కువ భయపడ్డోన్ని నేను.

యానాం_రేవు · జనవరి 22

చెల్లీ, మీ పక్క ఊరిదాన్నే, యానాం. ఇప్పుడు ఉండేది పుదుచ్చేరిలో, ఇక్కడే నేర్చుకున్నాను.

నీకు కళ్లజోడు ఉందో లేదో రాయలేదు. నాకు మైనస్ 5. మాస్క్ నిండినప్పుడు నన్ను భయపెట్టింది నీళ్లు కావు, ఏమీ కనిపించకపోవడం. నీకు కూడా నీళ్లు "కళ్ల మీదికి" వచ్చేసరికి అన్నావు కదా, అందుకని చెప్తున్నాను. ముక్కు, కళ్లు రెండింటినీ విడదీసి చూసుకో. నేను మొదట కళ్లు మూసుకునే నేర్చుకున్నాను, ఎవరూ తప్పనలేదు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ నా మోచేయి పట్టుకునేవారు. చెయ్యి తగులుతుంటే చీకటిగా ఉన్నా ధైర్యం ఉంటుంది. ముందే అడిగి పెట్టుకో, "నేను మాస్క్ నింపినప్పుడు నా చెయ్యి పట్టుకోండి" అని. అడగడంలో నామోషీ ఏమీ లేదు.

మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని డైవ్ చేయొచ్చు కానీ, నీళ్లు నిండినప్పుడు కళ్లు తెరిస్తే కొట్టుకుపోతాయి. నేను ఆ తలనొప్పి మాని పవర్ అద్దాలున్న మాస్క్ తీసుకున్నాను. నీళ్లలో అన్నీ మూడో వంతు పెద్దవిగా, కొంచెం దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి తక్కువ పవర్ వాళ్లకి మామూలు మాస్క్ కూడా సరిపోతుంది.

పెద్ద జడ ఉంటే జడ కిందకే వేసుకో, ముడి వద్దు. ముడి మీద స్ట్రాప్ జారుతూనే ఉంటుంది. స్ట్రాప్ మీద గుడ్డ తొడుగు వేస్తే జుట్టు పీకదు.

కోనసీమ_కాలవ · జనవరి 27

అన్నగారూ, తమ్ముడూ, అక్కా, ముగ్గురికీ దండాలు. కళ్లజోడు లేదక్కా, కానీ కళ్లు మూసుకోవచ్చన్న మాట నాకు ఎంత ఊరటగా ఉందో చెప్పలేను. అక్కడ నేను కళ్లు పెద్దవి చేసుకుని తెరిచే ఉంచాను, మూయకూడదేమో అనుకుని.

బక్కెట్ సాధన అయిదు రోజులైంది. స్నార్కెల్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. మా అమ్మ ఊరినుంచి వచ్చి ఉంది, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. మొదటి రోజు పెదాల దాకానే. రెండో రోజు ముక్కు కొన ముంచగానే మళ్లీ అదే, లోపల ఏదో గుటక పడ్డట్టు బిగుసుకుని, చప్పున తల ఎత్తేశాను. మూడో రోజు ఎత్తకుండా పెదాల దాకా మాత్రం వచ్చి ఆగగలిగాను. గ్లాసు బోర్లించి చూశాక నిజంగా మార్పు వచ్చింది. నీళ్లు నా ముక్కులోకి దూసుకొస్తాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. అవి రావడం లేదు, నేనే లాక్కుంటున్నాను అని కళ్లారా చూశాక వాటి మీద కోపం పోయింది.

ఇప్పుడు గోరువెచ్చటి నీళ్లలో 15 ఊపిర్లు ముఖం ముంచి ఉండగలుగుతున్నాను. కానీ నిన్న మామూలు కుళాయి నీళ్లు పెడితే మళ్లీ మొదటికొచ్చింది. అదొకటి. ఇంకో సందేహం: కోర్సులో నీళ్ల కిందే మాస్క్ పూర్తిగా తీసేసి ఒక నిమిషం ఉండాలట, తర్వాత పెట్టుకోవాలట. అది తలుచుకుంటేనే రాత్రి నిద్ర పట్టడం లేదు.

భీమిలి_లంగరు · జనవరి 27

చల్లటి నీళ్లకి బిగుసుకోవడం సహజం చెల్లెమ్మా, అందరికీ అంతే. ముందు తడిగుడ్డ చల్లటి నీళ్లలో ముంచి నుదుటి మీద, కళ్ల చుట్టూ అద్దుకో, నాలుగైదుసార్లు. తర్వాత ముఖం ముంచు. మొదటి మూడు ఊపిర్లు బరువుగానే ఉంటాయి. వాటిని లెక్కలోకి తీసుకోకు. నాలుగోది నుంచి తేలికవుతుంది. అండమాన్ సముద్రం మార్చిలో మీ కుళాయి నీళ్లంత చల్లగా ఉండదు, ఆ దిగులు వద్దు.

వారం తర్వాత అదే బక్కెట్లో, నోటితో పీల్చి ఊఁ కొడుతూ ముక్కుతో వదలడం కలుపు. నోటితో లోపలికి, ముక్కుతో బయటికి. ప్రాణాయామం చేసేవాళ్లకి ఇది తొందరగా పట్టుబడుతుంది.

మాస్క్ తీయడం గురించి. నువ్వు బక్కెట్లో చేస్తున్నది ఏమిటనుకున్నావు? మాస్క్ లేకుండా ముఖం నీళ్లలో పెట్టి 15 ఊపిర్లు తీసుకోవడం. నిమిషం పాటు మాస్క్ లేకుండా ఉండడమంటే అదే, నోట్లో స్నార్కెల్ బదులు రెగ్యులేటర్. నెమ్మదిగా తీస్తే నిమిషానికి పన్నెండు, పదిహేను ఊపిర్లే. అంటే ఆ పరీక్ష నువ్వు మీ అమ్మగారి ముందు రోజూ రాస్తున్నావు.

తేడా ఒక్కటే, రెగ్యులేటర్ బుడగలు చెంపల పక్కనుంచి పైకి పోతూ ముక్కుకి చక్కిలిగింత పెడతాయి. తల కొంచెం పక్కకి తిప్పితే అవి ఓ పక్కగా పోతాయి. తీసిన మాస్క్‌ని గట్టిగా పట్టుకో, స్ట్రాప్ వేళ్లకి చుట్టుకో, జారిపోదు. పెట్టుకునేటప్పుడు స్ట్రాప్‌తో కుస్తీ పట్టకు. ముందు మాస్క్‌లోని ముక్కు గదిలో ముక్కు కూర్చోవాలి, ఒక చేత్తో నుదుటి మీది జుట్టు వెనక్కి తోసెయ్యి, మాస్క్‌ని ముఖానికి నొక్కి పట్టుకో. అప్పుడు రెండో చేత్తో స్ట్రాప్ వెనక్కి. ఆ తర్వాత నీళ్లు పంపు. మధ్యలో ఎన్ని ఊపిర్లైనా తీసుకో, ఎవరూ గడియారం పట్టుకుని నిలబడరు. మొదటి ఊపిరితో సగం నీళ్లే పోతే ఇంకోసారి ఊఁ కొట్టు. ఒక్కసారిలోనే అంతా పోవాలని ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంకొకటి ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతాను. దిగేటప్పుడు మాస్క్‌లో గాలి నొక్కుకుపోయి అద్దం ముఖాన్ని లాగుతుంది. లాగినట్టు అనిపించగానే ముక్కుతో కాస్త గాలి మాస్క్‌లోకి వదులు. వదలకపోతే కళ్లలో నెత్తురు జీరలు తేలతాయి. స్కూబా మాస్క్‌లో ముక్కు కూడా లోపలే ఉండేలా చేసేది ఇందుకే, ఈతకొలను కళ్లద్దాలతో లోతుకి దిగకూడదనేదీ ఇందుకే. పైకి వచ్చాక మాస్క్ నుదుటి మీదికి తోయకు, అల వచ్చి ఎత్తుకుపోతుంది, పడవలో ఉన్నవాళ్లు ఆపదలో ఉన్నావేమో అనుకుంటారు. మెడలోకి దించుకో.

బాయిల_ఈత · జనవరి 28

అమ్మ తలుపు కాడ కూసున్నదంటె నాకు మా నాయిన యాదికొచ్చిండు అక్కా. బాయిల ఈత నేర్పినప్పుడు నడుముకు తాడు కట్టి గట్టు మీద కూసుంటుండె. మార్చిల పొయ్యి వచ్చినంక తప్పకుంట రాయి.

కోనసీమ_కాలవ · మార్చి 19

పోయి వచ్చాను. కోర్సు పూర్తయింది. వరసగా రాస్తాను, నాలాగే వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి పనికొస్తుంది.

మొదటి రోజు అదే ఒడ్డు, అదే ఇన్‌స్ట్రక్టర్, అదే ఛాతీ లోతు. దిగేముందే ఆయనతో చెప్పాను, నేను కళ్లు మూసుకుంటాను, నా మోచేయి పట్టుకోండి అని. సరే అన్నాడు. మాస్క్ నింపేముందు నీళ్ల కింద పది ఊపిర్లు ఊరికే తీసుకున్నాను, బక్కెట్ ముందు కూర్చున్నట్టు. అంచు వేలితో కొంచెం ఎత్తాను. నీళ్లు బుగ్గల మీదుగా, ముక్కు, కళ్లు, కనుబొమలు. బిగుసుకుంది, నిజమే. మొదటి మూడు ఊపిర్లు బరువుగా ఉంటాయని అన్నగారు చెప్పి ఉండకపోతే లేచిపోయేదాన్నే. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను. నాలుగోది సాఫీగా వచ్చింది. అప్పుడు తల కిందికే పెట్టి ఊఁ కొట్టడం మొదలుపెట్టి, మెల్లగా ఎత్తాను. మొదటిసారికి కళ్ల కింది దాకా పోయాయి, రెండోసారికి మొత్తం. కళ్లు తెరిచేసరికి ఇన్‌స్ట్రక్టర్ రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు.

ఆ రోజే మాస్క్ తీసి ఒక నిమిషం కూడా అయిపోయింది. ఒకసారి పొలమారింది కూడా. పెట్టుకునేటప్పుడు తల వెనక్కి వాల్చేశాను, గ్లాసు వంగింది, గుక్కెడు ఉప్పునీళ్లు. రెగ్యులేటర్‌లోకే దగ్గాను. రెగ్యులేటర్ నోట్లో ఉంచుకునే దగ్గొచ్చని అంతకుముందు చెప్పారు గానీ చేసి చూస్తే తప్ప నమ్మకం కుదరలేదు. దగ్గి, ముఖం ఇసుకవైపు తిప్పుకుని, అయిదారు ఊపిర్లు తీసుకున్నాక మళ్లీ మొదలుపెట్టాను. లేవలేదు. జనవరిలో నాలుగుసార్లు లేచాను, ఈసారి లేవలేదు.

ఆఖరి డైవ్‌లో 10 మీటర్ల లోతున, ఇసుక మీద, మాస్క్ తీయించారు. కళ్లు మూసుకున్నాక చప్పుళ్లు ఎంత పెద్దగా వినిపిస్తాయో. నా ఊపిరి, ఇన్‌స్ట్రక్టర్ ఊపిరి, ఎక్కడో దూరాన పడవ ఇంజన్. మోచేతి మీద ఆయన వేళ్లు. ఒకసారి కావాలనే కళ్లు తెరిచాను. మంట అంతగా లేదు. అంతా పచ్చగా, మసగ్గా, ఆయన కాళ్లకి తొడుక్కున్న పసుపు ఫిన్స్ రెండు మరకల్లా కనిపించాయి. మూసుకుని, మాస్క్ పెట్టుకుని, జుట్టు వెనక్కి తోసి, స్ట్రాప్ వేసి, ఊఁ కొట్టాను.

యానాం అక్కా, జడ కిందకే వేసుకున్నాను. తమ్ముడూ, మాస్క్ నా సొంతదే, హైదరాబాద్‌లో నువ్వు చెప్పినట్టే స్ట్రాప్ లేకుండా ఆనించి చూసి, అయిదింటిలో నాలుగు పక్కన పెట్టేశాక కొన్నాను. టూత్‌పేస్ట్‌తో మా అమ్మే రుద్దింది, ఇత్తడి చెంబు తోమినట్టు.

అన్నగారూ, మీకొక్కటి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ డైవ్‌లో తిరిగి వస్తుంటే ఒక రాతి పక్కన సముద్రపు పూల గుత్తిలో నారింజ రంగు చేపలు రెండు, లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. అవి చూస్తూ చాలాసేపు ఆగిపోయాను. పడవెక్కి మాస్క్ తీస్తుంటే ముక్కు దగ్గర్నుంచి నీళ్లు కారి ఒళ్లో పడ్డాయి, దోసెడు కాకపోయినా గుక్కెడు ఉంటాయి. ఎప్పుడు చేరాయో తెలియదు. అంతసేపూ అవి అక్కడే ఉన్నాయి.